మ్యాట్ వార్నిష్ డబ్బా గారికి ఒక మొర

మహారాజశ్రీ మ్యాట్ వార్నిష్ స్ప్రే డబ్బా గారి సముఖానికి,

తమరు కులాసా అని తెలుస్తూనే ఉంది. కదిపితే లోపల గోళీ టకటకమంటోంది, సరుకు ఇంకా సగానికి పైనే ఉంది. కులాసా లేనిది నేను చేస్తున్న మిగ్-21 యుద్ధవిమానం బొమ్మకే. నిన్న మధ్యాహ్నం తమరు దాని మీద పడ్డ దగ్గర్నుంచి దానికి ఒంట్లో బాగాలేదు.

ప్రైమర్, రంగు, గ్లాసీ కోటు, డెకాల్స్ అనే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, రేకుల అతుకుల గీతల్లోకి దిగే వాష్ అనే పల్చటి రంగునీళ్లు, అన్నీ అయ్యాక ఆఖరి కోటు తమరిది. ఆ కోటు పడితే మెరుపు చచ్చి, బొమ్మ కాస్తా విమానం అయిపోతుందని తమరి ఒంటి మీదున్న రంగుల ఫొటో హామీ ఇచ్చింది. నమ్మాం. పడ్డారు. బూడిద రంగు బైసన్ (మిగ్-21కి మెరుగులు దిద్దిన రకం లెండి) కళ్లముందే తెల్లబడింది. మొదట వెన్ను మీద పల్చగా, చూస్తుండగానే కుడి రెక్కంతా. ఆ రెక్క మీద ఒక మరక నా చిటికెన వేలి గోరంత, అంటే సుమారు సెంటీమీటరు. 1/72 స్కేలు కదా, అసలు విమానం మీద అది 72 సెంటీమీటర్లు! అంత సున్నం మరకతో ఏ విమానమైనా రన్‌వే మీదికి వస్తుందా, తమరే చెప్పండి.

తోక చివర మంట బయటికొచ్చే గొట్టం ఉందే, దాని చుట్టూ కాలిన లోహం రంగు ఎలా వేశానో తమరు చూడనైనా లేదు. అడుగున ముదురు ఇనుప రంగు, దాని మీద పల్చగా గోధుమ, అంచున కనీకనపడని నీలం. ఆ నీలం ఎక్కడిదాకా రావాలో ఫోన్‌లో చెప్పింది మా పెదనాన్న. ఆయన ఉద్యోగమంతా సునాబెడ ఇంజన్ల ఫ్యాక్టరీలోనే. బైసన్‌లో ఉండే ఆర్-25 ఇంజను తయారైంది మా వైపు కొండల్లోనే అని ఈ జిల్లాల్లో సగం మందికి తెలీదు గానీ, ఆయన దగ్గర కూర్చుంటే తెలియకుండా లేవలేరు. 1963లో మన వాయుసేనలోకొచ్చిన మిగ్-21కి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్తుంటే, టీవీ ముందు ఆయన కాఫీ చల్లారిపోయింది. విశ్వకర్మ పూజకి ఈ బొమ్మని సుత్తీ స్పానర్ల పక్కన పెడతానన్నారు. నిన్న సాయంత్రం వచ్చి, కళ్లద్దాలు పైకి జరిపి చూసి, ‘ఏరా, దీన్ని లేహ్‌లో గానీ దింపారేటి, మంచు పట్టేసింది’ అన్నారు.

ఎందుకు తెల్లబడ్డారో నాకు తెలుసు. తమరు బయటికి ఉరికినప్పుడు లోపలి గ్యాసూ, సాల్వెంటూ గబగబా ఆవిరైపోతాయి. పట్టుకున్న చేతికే డబ్బా చల్లగా తగులుతుంది. తడి కోటూ అలాగే చల్లబడి, గాలిలో ఉన్న తేమని లాక్కుంటుంది. ఆ నీరు పొరలో ఇరుక్కుని తెల్లగా కనిపిస్తుంది. సరే, సైన్సుని తిట్టను. కానీ తమరి ఒంటి మీద రాసిందేమిటి? పెద్దక్షరాల్లో ‘గాలి బాగా ఆడే చోట వాడండి’. చీమ తలకాయంత అక్షరాల్లో ‘తేమ ఉన్నప్పుడు వాడకండి’. అయ్యా, ఇది పర్లాకిమిడి. మహేంద్రగిరి మీద మబ్బు దిగిందంటే మాకు తలుపు తీస్తే లోపలికొచ్చేది గాలి కాదు, నీళ్లే. ఆరేసిన తువ్వాలు మర్నాటికి ఇంకా బరువెక్కుతుంది. తేమ లేని రోజు కోసం ఆగమంటే ఆషాఢంలో మొదలెట్టినవాడు కార్తీకం దాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. తలుపు తీయకూడదు, మూస్తే ఆ వాసనకి ఊపిరాడదు. మరి ఎక్కడ కొట్టమంటారు, బీరువాలోనా?

తమరి బంధువర్గం గురించీ రెండు ముక్కలు చెప్పాలి. రంగుని ఆపమంటే దాని కింద దారి చూపించే మాస్కింగ్ టేపు. నీళ్లలోంచి తీసేలోపే చుట్టుకుపోయి, మువ్వన్నెల గుండ్రాన్ని చంద్రవంక చేసే డెకాల్. ఊళ్లో ఏం అడిగినా గేటుకేసే సిల్వర్ తీసి చూపించే హార్డ్‌వేర్ షాపు. ఎదురింటి మామ్మగారైతే ‘కొత్త బొమ్మకి మసి పూస్తావేటి బాబూ’ అని రోజూ జాలిపడుతుంది. వీళ్లందర్నీ క్షమించాను. తమరొచ్చిన తీరు తల్చుకుంటేనే నవ్వొస్తుంది. మంటంటుకునే సరుకని కొరియర్‌వాళ్లు తమరిని విమానం ఎక్కనివ్వరు. విమానానికి సోకు చేయడానికి బయల్దేరిన పెద్దమనిషి లారీలో పడి, దారి పొడుగునా నానుతూ వచ్చారు.

ఇంక మర్యాదలు చాలు. చూడు, మరకలు వేయడం నా పని. మెకానిక్కులు కాలు పెట్టే చోట రంగు లేచిపోయినట్టు స్పాంజి ముక్కతో చుక్క చుక్కా అద్దింది నేను. ఆయిల్ కారిన చార గాలి వాటుకి వెనక్కి లాగింది నేను. కళ్లు గుంజేలా కూర్చుని చేసిందంతా ఒక్క బుసతో కప్పేయడానికి నువ్వెవడివి? ఆఖరున వచ్చేవాడికి ముందు పనిచేసిన వాళ్లంటే లెక్కుండదా? అడ్వాన్సుగా డబ్బులు పుచ్చుకుని, నెల తిప్పి, వానలో దిగి, ఇదా నువ్వు చేసే నిర్వాకం?

రిటార్డర్ తెప్పిస్తున్నాను. నెమ్మదిగా ఆరే ఆ ద్రావకాన్ని పల్చగా కొడితే నీ పొర మళ్లీ మెత్తబడి, ఇరుక్కున్న నీరు బయటికి పోతుందట. పోతే సరే. పోకపోతే ఆ రెక్క గీకి మళ్లీ మొదట్నుంచి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎడమ రెక్క కింద, ఎలా తప్పిందో గానీ, మరక పడలేదు. అక్కడ మెరుపు పూర్తిగా పోయింది. డెకాల్ అంచు వేలితో తడిమినా దొరకడం లేదు, ఆయిల్ చార లోహంలోకి ఇంకినట్టుంది. పెదనాన్నకి బొమ్మని తిరగేసి చూపించాను. చాలాసేపు చూసి, ‘ఇటువైపు సరిగ్గా కుదిరిందిరా, పూజలో బోర్లా పెడదాం’ అన్నారు.

కాబట్టి నిన్ను పారేయడం లేదు. అటక మీద, పాత ట్రంకుపెట్టె వెనకాల, మాఘమాసం దాకా కూర్చో. మూత మాత్రం ఇవ్వను. వాష్ కలుపుకోవడానికి భలే కుదిరింది.

ఇట్లు,
తమరి ఒకప్పటి భక్తుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా