జీపులో డీజిల్ ఇంజన్ పెట్టి దాన్ని రిస్టోరేషన్ అనకండి

“1943 మోడల్ మిలిటరీ జీపు, ఫుల్ రిస్టోరేషన్, ధర మాట్లాడుకుందాం.” నాకు పాత మిలిటరీ బండ్లంటే ప్రాణమని తెలిసినవాళ్లు ఇలాంటి ఫొటోలు పంపిస్తూనే ఉంటారు. రిస్టోరేషన్ అంటే బండిని దాని అసలు రూపానికి తేవడం కదా. ఫొటోలో బండి తళతళలాడుతుంది. వెడల్పాటి టైర్లు, క్రోమ్ బంపరు, పైన ఎల్‌ఈడీ లైట్ల వరస, లెదర్ సీట్లు. బానెట్ ఎత్తి ఇంకో ఫొటో తీసి పంపమంటే లోపల డీజిల్ ఇంజన్ ఉంటుంది. గేర్‌బాక్స్ వేరే బండిది. ఫ్యాక్టరీలో బిగించిన నంబరు రేకులు ఏవండీ అని అడిగితే “పెయింటింగ్‌లో పోయాయి సార్” అంటారు. అంటే ఆ బండి 1943లో పుట్టిందనడానికి ఉన్న సాక్ష్యాలన్నీ డబ్బు పెట్టి మరీ తీసేయించారన్నమాట. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.

అసలు ఆ బండి ఏమిటో చెప్పాలి. 1940 జులైలో అమెరికా సైన్యం తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. నమూనా బండి ఇవ్వడానికి 49 రోజులే గడువు. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోగా బండి తయారుచేసి ఇచ్చింది. కానీ అంత చిన్న కంపెనీ అన్ని బండ్లు చేయలేదని పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కు, ఫోర్డ్‌కు వెళ్లాయి. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 60 హార్స్ పవర్. దానికి విల్లీస్ పెట్టుకున్న పేరు ‘గో డెవిల్’.

మన దేశానికి ఇవి యుద్ధంతోనే వచ్చాయి. అస్సాంలోని లీడో నుంచి బర్మా మీదుగా రోడ్డు వేసిన అమెరికన్ల దగ్గరా ఇవే, అటు బర్మాలో పోరాడిన బ్రిటిష్ ఇండియా సైన్యం దగ్గరా ఇవే. యుద్ధం అయ్యాక మిగిలిన బండ్లను వేలం వేస్తే తోటల యజమానులు, కాంట్రాక్టర్లు, జమీందార్లు కొనుక్కున్నారు. ఇవాళ ఏ మామిడితోట షెడ్డులోనో దుమ్ము కొట్టుకుపోయి కనబడే జీపు అలా వచ్చినదే కావచ్చు.

ఆ బండిని దగ్గరగా చూడండి. యుద్ధకాలపు జీపు ముందు జాలీకి 9 నిలువు సందులుంటాయి, తర్వాత వచ్చిన సివిల్ జీపులకు 7. (తొలినాటి విల్లీస్ జీపులకైతే ఊచలు వెల్డింగ్ చేసిన జాలీ ఉండేది, అది దొరికితే మీ అదృష్టం.) హెడ్‌లైట్లు జాలీ వెనక్కి ఉంటాయి. ఒక్క నట్టు వదులు చేసి లైటును వెనక్కి తిప్పితే వెలుగు ఇంజన్ మీద పడుతుంది. రాత్రిపూట అడవిలో రిపేరు చేసుకోవాల్సిన సిపాయి కోసం ఎవరో ఇంజనీరు ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే. ఫోర్డ్ చేసిన బండి అయితే బోల్టు తల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది. ముందు ఛాసిస్ అడ్డపట్టీ గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, తిరగేసిన ‘యు’లా ఉంటే ఫోర్డ్. ఇవన్నీ ఇనుములో రాసిన చరిత్ర. టింకరింగ్ షెడ్డులో ఒక్క మధ్యాహ్నం గ్రైండర్ ఆడిస్తే ఇందులో ఏదీ మిగలదు.

ఇంజన్ మారిస్తే ఏమవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే “ఇంజన్ ఒక్కటే కదా మార్చాం” అంటారు చాలామంది. డీజిల్ ఇంజన్ బరువెక్కువ, ముందు కమాన్ పట్టీలు కుంగిపోతాయి. వాటిని మారుస్తారు. పాత గేర్‌బాక్స్ 60 హార్స్ పవర్ పెట్రోల్ ఇంజన్ కోసం చేసింది, డీజిల్ ఇంజన్ తిప్పే బలానికి (టార్క్) దాని పళ్లు తట్టుకోవు. దాన్నీ మారుస్తారు. కొత్త గేర్‌బాక్స్ పట్టదు కాబట్టి ఛాసిస్ అడ్డపట్టీ కోస్తారు. తర్వాత యాక్సిల్, తర్వాత స్టీరింగ్. చివరికి 1943 నాటిది అనడానికి ఆర్‌సీ కాగితం ఒక్కటే మిగులుతుంది. బ్రేకులు మాత్రం చాలా బండ్లలో పాతవే ఉంచేస్తారు! చిన్న డ్రమ్ములు, ఒకే సర్క్యూట్. ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారిపోతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అలాంటి బండిని హైవే మీద తొంభైలో తోలుతూ వీడియోలు పెడుతున్నారు. నాకు వాటిని చూస్తే టెన్షన్.

1980ల్లో, 90ల్లో బతుకుతెరువు కోసం ఇంజన్ మార్చినవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. జీపు మీద జనాన్ని ఎక్కించుకుని ఊళ్ల మధ్య తిప్పితేనే పూట గడిచేది, డీజిల్ చవక, పెట్రోల్ బండి పెట్టుకుంటే మిగిలేది ఏమీ లేదు. అది వాళ్ల అవసరం. నా కోపమంతా ఇవాళ లక్షలు ఖర్చుపెట్టగలిగి, హాబీ అని చెప్పుకుంటూ, బతికున్న ఇంజన్‌ను తీసి పాత ఇనుముకు వేసేవాళ్ల మీద. ఆ పెట్రోల్ ఇంజన్ బాగు చేయడం కష్టం కూడా కాదు. సిలిండర్లు బోరింగ్ చేయించి స్లీవ్‌లు వేయొచ్చు, క్రాంక్ గ్రైండింగ్ చేయించొచ్చు. కంప్రెషన్ తక్కువ, ఏ బంకులో దొరికే పెట్రోలైనా దానికి చాలు. “ఈ జీపుకుండే 6 వోల్టుల కరెంటుతో సెల్ఫ్ తిరగదు” అనే మాట కూడా సగం అపోహే. 6 వోల్టులకు కరెంటు ఎక్కువ పారుతుంది, కేబుల్ లావుగా ఉండాలి, ఎర్త్ శుభ్రంగా ఉండాలి. 12 వోల్టుల సన్న వైరు వేసి బండిని తిడితే అది బండి తప్పెలా అవుతుంది?

అసలు ఇంజన్ లేకపోతే బండిని వదిలేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో టైగర్ 131 అనే జర్మన్ ట్యాంకు ఉంది. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. దాని అసలు ఇంజన్‌ను ఏనాడో విద్యార్థులకు చూపించడానికి కోసేశారు. అందుకని అదే కుటుంబానికి చెందిన ఇంకో జర్మన్ ఇంజన్ పెట్టి దాన్ని నడిచేలా చేశారు. నడిచే స్థితిలో ఉన్న టైగర్ 1 ప్రపంచంలో అదొక్కటే. వాళ్లు ఏ ఇంజన్ పెట్టారో, ఎందుకు పెట్టారో బాహాటంగా చెబుతారు. తేడా అంతా అక్కడే ఉంది. దొరకని సామాను స్థానంలో దానికి దగ్గరి సామాను పెట్టి, పెట్టామని రాసుకోవడం రిస్టోరేషన్. ఉన్నదాన్ని పీకేసి, పీకలేదని చెప్పి అమ్ముకోవడం మోసం.

జీపుల గురించి ఇంత చెప్పాను కానీ మన సొంత బండ్ల గతి ఇంకా అన్యాయం. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ లైసెన్సుతో చేసిన జోంగా, జర్మన్ కంపెనీ మ్యాన్ లైసెన్సుతో చేసిన శక్తిమాన్ లారీ మన సైన్యాన్ని దశాబ్దాల పాటు మోశాయి. జోంగాకు దాదాపు 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లకు మించదు కాబట్టి వేలంలో కొన్నవాళ్లు ముందుగా తీసేది దాన్నే. ఆ ఇంజన్ ఐడిల్‌లో ఎంత మెత్తగా తిరుగుతుందో ఒక్కసారి విన్నవాడికి తీసేయడానికి మనసొప్పదు. విశాఖ బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని ఎంత గౌరవంగా నిలబెట్టుకున్నాం! పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తున్నాం. మరి మన సైనికులను, వాళ్ల రేషన్‌ను మోసిన శక్తిమాన్‌ను మాత్రం గ్యాస్ కట్టర్‌తో కోసి కిలోల లెక్కన అమ్ముకుంటున్నాం.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది, అందుకు మెచ్చుకోవాల్సిందే. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు. డీజిల్ ఇంజన్ పెట్టినవాళ్లు ఈ నిబంధన మళ్లీ ఒకసారి చదువుకోండి, మీ బండికి ఆ నంబరు ఎలా వస్తుంది?

కానీ మిలిటరీ బండ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ నియమాలతో రెండు చిక్కులు. మొదటిది తేదీ. సైన్యంలో ఉన్నన్నాళ్లూ బండికి సైన్యం నంబరే, ఆర్టీవో ఆఫీసుతో సంబంధం లేదు. ఆర్‌సీలో పడేది వేలంలో కొన్న తర్వాతి తేదీ. 1970ల్లో తయారై 1990ల్లో వేలానికి వచ్చిన జోంగా ఆ కాగితం ప్రకారం ఇంకా పడుచు బండే! సైన్యం ఇచ్చే విడుదల పత్రాల్లోని తయారీ సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రెండోది రంగు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖవి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. కారణం నాకు అర్థమవుతుంది, సైన్యం వేషంలో ఎవడో తిరిగితే ప్రమాదం. సైన్యం బాణం గుర్తున్న నంబరు ప్లేట్లు పెట్టుకుని షోకు చేసేవాళ్లను పట్టుకుని కేసు పెట్టమని నేనే అంటాను. కానీ ఒక నియమం బండి అసలు రూపంలో ఉండాలంటుంది, ఇంకోటి ఆ అసలు రంగే వద్దంటుంది. ‘వీఏ’ నంబరు ఉన్న బండికి, తనిఖీ చేసి, ఆ రంగుకు అనుమతి ఇస్తూ ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది. అడగాల్సినవాళ్లం మనమే, అందరం కలిసి అడగాలి.

సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఒక మాట. తిరుమలగిరిలో సైన్యం బండ్లను, యంత్రాలను బాగుచేసే ఈఎంఈ విభాగం కాలేజీ ఉంది. ఈ బండ్ల మీద చేతులు మసి చేసుకుని రిటైరైన పెద్దలు మన కాలనీల్లోనే ఉన్నారు. నాకు పాయింట్ల గ్యాప్ పెట్టడం, చప్పుడు విని ట్యాపెట్ లూజైందో లేదో చెప్పడం నేర్పింది అలాంటి ఒక హవల్దార్ బాబాయే. “విప్పే ముందు ఫొటో తీయి నాన్నా, విప్పాక ప్రతి బోల్టుకూ చీటీ కట్టు” అనేవారు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి, వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ తరం పోతే ఈ విద్య ఏ మాన్యువల్ చదివినా రాదు.

బండి ఇప్పటికే ఉన్నవాళ్లు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ సంగతి చూసుకోండి. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను, పెట్రోల్ పంపులోని పొరను (డయాఫ్రమ్) తినేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించండి, నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి. రెండు ముక్కలు కలిపి బోల్టులు బిగించిన మిలిటరీ చక్రాలుంటే, గాలి మొత్తం తీయకుండా ఆ నట్లు ముట్టుకోవద్దని పంచర్ షాపు అబ్బాయికి గట్టిగా చెప్పండి, దగ్గరే నిలబడండి. గాలి ఉండగా విప్పితే రిమ్ము ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది.

మీ తాతగారి షెడ్డులో అలాంటి జీపు ఏదైనా ఉంటే దాన్ని ట్రాక్టరుకు కట్టి లాగి స్టార్ట్ చేయించకండి. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పి చూడండి. ఇసుక బ్లాస్టింగ్‌కు ఇవ్వకండి. ఛాసిస్ మీద, ఇంజన్ మీద ఉన్న నంబర్లను ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, అది ఏ కంపెనీదో, ఏ సంవత్సరంలో తయారైందో కలిసి తేలుద్దాం. పాత ఇనుము వ్యాపారి వాకిట్లోకి వస్తే మాత్రం, దయచేసి, ముందు నాకు ఒక్క మెసేజ్ పెట్టండి.