సంఘాలు కలపడం సరే, పత్రిక సంగతేంటి?

చిన్న సైన్స్ సంఘాలు కలిసిపోయి, జర్నల్‌ను కొత్త పేరుతో మళ్లీ మొదలుపెడితే సమస్యలు తీరిపోతాయని మీ వ్యాసంలో రాశారు. అంత తేలికైన పని కాదండీ అది. బ్రిటన్‌లో కెమిస్ట్రీ వాళ్లనే తీసుకోండి, 1841లో పుట్టిన కెమికల్ సొసైటీ, ఫారడే సొసైటీ, ఇంకో రెండు సంఘాలు కలిసి 1980లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ అయ్యాయి, కానీ ఫారడే పేరు మాత్రం వదులుకోలేదు, ఫారడే డిస్కషన్స్ అనే పత్రిక ఇప్పటికీ వస్తూనే ఉంది. ఆ పేరుతోనే వచ్చిన ఇంకో పత్రిక, ఫారడే ట్రాన్సాక్షన్స్, వేరే దారిలో పోయింది. 1999లో జర్మనీ బున్సెన్ సొసైటీ వాళ్ల పత్రికతో కలిసి పీసీసీపీ (ఫిజికల్ కెమిస్ట్రీ కెమికల్ ఫిజిక్స్) అనే కొత్త పత్రిక అయింది. అది నిలబడిందంటే, నా ఉద్దేశంలో, కొత్త పేరు వల్ల కాదు, ఇద్దరూ పాత పత్రికల్ని నిజంగానే ఆపేశారు కాబట్టి.

మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే. పేరు మారితే కొత్త ఐఎస్ఎస్ఎన్ (పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబరు) కావాలి, ఇండెక్సింగ్ వాళ్లకి, అంటే పత్రికల్ని తమ జాబితాల్లో చేర్చుకునే వాళ్లకి, చెప్పుకోవాలి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని పేపర్లను సగటున ఎంతమంది ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) కుదురుకునేదాకా ఓ రెండేళ్లు ఆగాలి. పెద్ద ప్రొఫెసర్లకేం, ఎక్కడ రాసినా నడుస్తుంది. ప్రమోషన్ పాయింట్లు లెక్కపెట్టుకునే కుర్ర లెక్చరర్ ఆ రెండేళ్లూ ఆ పత్రికకి పేపర్ ఎందుకు పంపుతాడు? ఎడిటర్ ఏ సంఘం మనిషై ఉండాలన్న గొడవ సరేసరి (అది ఎలాగూ తేలదు). పాత సంచికలు ఏ వెబ్‌సైట్లో పెడతారో, వాటి ఖర్చు ఎవరు భరిస్తారో కూడా వ్యాసంలో లేదు. ముందు అది చెప్పండి సార్.