అటక మీది నాటకం కాపీ

మన దగ్గర ఒక నటుడు పోతే వార్త ఎలా వస్తుందో చూడండి. 'ప్రముఖ సీరియల్ నటుడు కన్నుమూత' అని హెడ్డింగు, కింద రెండు సీరియళ్ల పేర్లు, తండ్రి వేషాల్లో మెప్పించారని ఒక వాక్యం, ఆఖర్న 'పలు నాటకాలకు దర్శకత్వం వహించారు' అని ఓ ముక్క. ముప్పై ఏళ్లు నాటకాలు ఆడి, ఆడించి, ఆ తర్వాత పదేళ్లు టీవీలో కనిపించిన మనిషికి చివరికి మిగిలింది ఆ 'పలు' అన్న రెండక్షరాలు. ఎవరో ఇలా రాశారని వేలెత్తి చూపించడం లేదు. మా పత్రికలో మేమే రాశాం, చాలాసార్లు.

గోదావరి డెల్టాలో ఇలాంటి మనిషి లేని ఊరు తక్కువ. భీమవరమో తణుకో అమలాపురమో, పగలంతా బడిలో పాఠాలు చెప్పో ఆఫీసులో ఫైళ్లు చూసో, రాత్రి భోంచేసి రిహార్సల్‌కి బయల్దేరతాడు. కుర్రాళ్లంతా మాస్టారూ అంటారు. నాటిక ఎంచుకోవడం, వేషాలు పంచడం, సెట్టు, లైట్లు, మేకప్ మనిషి, పరిషత్తుకి (అంటే నాటక పోటీలకి) ఎంట్రీ, ఊళ్లో చందాలు, ఆ చందాలు చాలకపోతే సొంత జీతం, ఇంతలో ఎవడికో జ్వరమొస్తే ఆ వేషం కూడా తనే కట్టడం, అన్నీ ఆయన మీదే. పక్క జిల్లా నుంచి వచ్చే నటి ఆఖరి రెండు రోజులే రిహార్సల్‌కి ఉంటుంది కాబట్టి, మిగతావాళ్లు నెలరోజులు ఖాళీ కుర్చీతోనే మాట్లాడి, ఖాళీ కుర్చీనే తిట్టి, ఖాళీ కుర్చీ ముందే ఏడుస్తారు. కుర్చీ ముందు ఏడుపు నిజంగా వచ్చేదాకా మాస్టారు వదలడు. దర్శకత్వం అంటే ఇదీ. దీన్ని మేం ఎప్పుడూ వార్తగా రాయలేదు.

అసలు ఈ వరస మొదలైందే ఒక పంతులుగారితో. 1880లో ధార్వాడ నాటక సమాజంవాళ్లు రాజమండ్రిలో ఆడి వెళ్లిపోయాక, వాళ్లు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో తెలుగు నాటకాలు వేయించారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం అంటున్నాం. తర్వాత అదే రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నాటకాలు రాసిస్తే, ముఖానికి రంగేసుకున్న కుర్రాళ్లలో టంగుటూరి ప్రకాశం ఒకడు. నాటకాలాడే కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు సంగతి చెప్పక్కర్లేదు, ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు అక్కడివాళ్లే. రంగారావు కొన్నాళ్లు ఫైరాఫీసరు ఉద్యోగం చేసిన మనిషి. సినిమాల్లో మహానటుడయ్యాక 1967లో ఒకటి, 1968లో ఒకటి, రెండు సినిమాలకు దర్శకత్వం కూడా వహించాడు. వెండితెర మీద ఆయన్ని ఇవాళా చూడగలం. కాకినాడ స్టేజీ మీద ఎలా ఉండేవాడో మాత్రం మన తాతలు చెప్పిందే.

టీవీ సంగతికొద్దాం. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ వచ్చాక, ఆ వెనకే డైలీ సీరియళ్ల హోరు పెరిగాక, మన పరిషత్తు నటులకి నాలుగు డబ్బులు కనిపించాయి. అందులో తప్పేం లేదు. పరిషత్తులో ఉత్తమ నటుడి షీల్డుతో పాలబిల్లు కట్టలేం కదా! కానీ టీవీ తీసుకున్నది నటుణ్ణే, దర్శకుణ్ణి గుమ్మం బయటే వదిలేసింది. నాటకంలో తెర వెనక నుంచి మాటలందించే ప్రాంప్టర్ గొంతు మొదటి వరసకి వినపడిందంటే దర్శకుడికి తల కొట్టేసినంత పని. సీరియల్లో అసిస్టెంటు డైరెక్టరు పక్కన నిలబడి ప్రతి డైలాగూ గట్టిగా చదువుతుంటే, అది విని చెప్పెయ్యడమే పద్ధతి, రోజుకి అన్ని సీన్లు అవ్వాలి మరి. నెలరోజులు కుర్చీ ముందు ఏడిపించిన మాస్టారు అక్కడ నిలబడి, వెనకనుంచి వినపడ్డ మాట వినపడ్డట్టు అప్పజెప్పి కారెక్కేస్తాడు. బజార్లో ఎవరో ఆపి, 'మీరు కోడల్ని ఏడిపించే మావగారు కదండీ' అంటే నవ్వుతాడు. ఆ నవ్వులో కాస్త గర్వం లేదని అనం.

యాస గురించి కూడా ఓ మాట. 'ఆయ్' అనీ 'అండి' అనీ సాగదీస్తే టీవీలో అది కామెడీ, లేదంటే వేళాకోళం. మా డెల్టా మనిషి ఏడ్చేటప్పుడు, బాకీవాడి ముందు నిలబడ్డప్పుడు, కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఆ యాసలోనే మాట్లాడతాడన్న సంగతి మన ఊరి నాటికలకి తెలుసు. ఆ నాటికలు చాలావరకు ఎక్కడా రికార్డు కాలేదు, అచ్చూ కాలేదు.

మిగిలిందల్లా దర్శకుడి దగ్గరుండే కాపీ. చేత్తో రాసిన లాంగ్ నోట్‌బుక్కు, అంచుల్లో ఎర్రసిరాతో 'ఇక్కడ మూడు లెక్కపెట్టి తల తిప్పు', 'లైటు తగ్గాలి', 'ఈ మాట ప్రేక్షకుడికి కాదు, గోడకి' అంటూ గుర్తులు. అటక మీద ట్రంకుపెట్టెలో ఉంటుంది. ఆయన పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతోబాటు తూకానికి పోతుంది (ఆ పాత పేపర్లలో మాదీ ఉంటుందనుకోండి).

ప్రభుత్వం జరిపే నంది నాటకోత్సవాలు కొన్నేళ్లు ఆగి, 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. సంతోషమే, ఏటా జరగాలి కూడా. కానీ ఈ కాపీల పనికి ప్రభుత్వం కోసం చూడక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఫోనుంది. పేజీ పేజీ ఫొటో తీయండి. మాస్టారు బతికుండగానే ఆయన్ని కూర్చోబెట్టి, ఆ కాపీ చేతికిచ్చి, ఎర్రసిరా ఎందుకు పెట్టారో ఒక్కో చోటా అడిగి రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి, లేకపోతే దాని రొదే వినపడుతుంది. రాజమండ్రి ఆనం కళాకేంద్రంలోనో కాకినాడ సూర్యకళామందిరంలోనో నాటకం పడినప్పుడు ఒక కెమెరా స్టాండు మీద పెట్టి మొదట్నుంచి చివరిదాకా కదపకుండా తీసినా చాలు. రీల్ కోసం ముప్పై సెకన్లు కత్తిరించుకోవడం తర్వాతి సంగతి.

ఇక మా వంతు. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లోనో అత్తిలి షష్ఠి తీర్థంలోనో నాటకం వేస్తే, మా జిల్లా పేజీలో జ్యోతి వెలిగించిన అతిథి ఫొటో, శాలువా కప్పిన నాయకుల పేర్లు వరసగా వస్తాయి, నాటకం పేరు ఒక్కోసారి తప్పుగా కూడా వస్తుంది. ఈసారి నుంచి విలేకరులకు చెప్పేశాం: మొదటి వాక్యంలో నాటకం పేరు, దర్శకుడి పేరు ఉండాలి, ఫొటో తెర లేచాక తీసిందే పంపాలి. జ్యోతి వెలిగించినవాళ్ల పేర్లు, చోటుంటే చూద్దాం.