పరిరక్షణ గారికి, టివ్ బొమ్మల తరఫున ఒక తెలుగువాడి ఉత్తరం

పాత కళల్ని కాపాడే అయ్యా పరిరక్షణ గారూ,

ఎలా ఉన్నారని అడగను, మీరెప్పుడూ బాగానే ఉంటారు, మీ దగ్గరికొచ్చే వాళ్లే మంచాన పడి వస్తారు. పిల్లలు కొట్టుకుంటూ ఆడుకునే బొమ్మని మీరు పట్టించుకోరు. అదే బొమ్మ చెయ్యి విరిగి అటకెక్కితే చాలు, తెల్ల గ్లవుజులు తొడుక్కుని దిగిపోతారు.

నైజీరియాలో బెన్యూ రాష్ట్రం, అక్కడి టివ్ జనం, వాళ్లు బొమ్మలతో, వేషాలతో ఆడే క్వాఘ్-హిర్ ఆట మీకు బాగా నచ్చేశాయట. 2019లో ఆ ఆట యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. సంతోషం. కానీ మీరు కాపాడతానంటున్న దాన్ని ఒక్క రాత్రయినా కూర్చుని చూశారా?

రాత్రే, ఎందుకంటే అది రాత్రి ఆడే ఆట. డోళ్లు మోగుతుంటే కథకుడు ముందుకొచ్చి ఇప్పుడెవరు రాబోతున్నారో చెప్పి ఊరిస్తాడు, పాట అందుకుంటారు, అప్పుడు చీకట్లోంచి ఒక వేదికే కదిలి వస్తుంది. దాని కింద మనిషి దాక్కుని ఉంటాడు. పైన చెక్క బొమ్మలు, ఒకడు మోటార్ సైకిల్ మీద, ఇంకొకడు కుట్టుమిషను ముందు. కింద మనిషి పుల్లలూ తాళ్లూ లాగుతుంటే పైన వాళ్ల బతుకు నడుస్తుంటుంది. ఆ వెనకే పెద్ద పెద్ద జంతువుల వేషాలు. ఈ ఊరి బృందానికీ ఆ ఊరి బృందానికీ పోటీ కూడానూ.

'మోటార్ సైకిల్ సంప్రదాయమేనా?' అని మీరు ఫైల్లో రాసుకుంటారని తెలుసు. అక్కడే పప్పులో కాలేశారు. దీనికి ముందు ఉన్నది పొద్దుగూకాక చెప్పుకునే క్వాఘ్-అలోమ్ కథలు, అలోమ్ అంటే జిత్తులమారి కుందేలు. 1960 ప్రాంతంలో ఆ కథలకే బొమ్మలూ వేషాలూ తోడై ఇంత పెద్ద ఆటగా నిలబడింది. టివ్ ప్రాంతంలో 1960లో, మళ్లీ 1964లో పెద్ద అల్లర్లు జరిగిన రోజులవి, అధికారుల మీద జనం కడుపు మండిపోతున్న కాలం. మనిషి నోరు తెరిస్తే జైలు, బొమ్మ నోరు తెరిస్తే ఏం చేస్తారు?

మరి మీరేం చేస్తారు? స్టేజీ మీద పదిహేను నిమిషాలిస్తారు, ముందు వరసలో మంత్రిగారిని కూర్చోబెడతారు, ఆయన్ని వెక్కిరించే బొమ్మ ఉంటే 'ఇది వద్దులెండి' అంటారు. మీ ప్రేమ నాకు కొత్త కాదు. మా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే చేతులే ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు చేస్తున్నాయి. అందంగానే ఉంటాయి, హాల్లో బల్బు చుట్టూ రాముడు తిరుగుతుంటాడు. చేసేవాళ్లకి కూడు పెడుతున్నాయి కాబట్టి వాటిని తిట్టను. తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడి బూతు జోకుకి ల్యాంప్‌షేడ్‌లో చోటు లేదని మాత్రం గుర్తుచేస్తున్నా.

నవ్వకుండా ఒక్క మాట. రాత్రి ఆడే ఆటకి ముందు రాత్రి భయం లేకుండా ఉండాలి కదా. బెన్యూలో ఊళ్ల మీద దాడులు జరుగుతున్నాయి, పొలాలొదిలి జనం శిబిరాల్లో తలదాచుకుంటున్నారు. ఊరు ఖాళీ అయితే పోటీకి అవతలి బృందం ఏదీ, చూసేవాళ్లేరీ? మీ ఫారంలో దీనికో గడి ఉందా? 'సమాజ భాగస్వామ్యం' అన్న గడిలో పట్టదు, నేను రాసి చూశాను.

ఇంకోటి, చెవిలో చెప్తున్నా. అక్కడ కుర్రాడెవరైనా ఇప్పుడు కొత్త బొమ్మ చెక్కడం మొదలుపెడితే అది మెడలో ఐడీ కార్డు, చంకలో ఫైలు ఉన్న బొమ్మే అవుతుందని నాకు గట్టి నమ్మకం. కింద వాడు తాడు లాగితే తల ఊపుతుంది. మళ్లీ లాగితే సంతకం పెడుతుంది. ఎవరి బొమ్మ అని మాత్రం అడక్కండి.

ఇట్లు,
అటక మీద బొమ్మలున్న ఇంటివాడు