ఆరు వారాల అపొస్తలులు

రోము నగరానికి క్రైస్తవం గురించి ఎవరో ఒకరు చెప్పాలి. అక్కడ పోపు ఉన్నాడు, సందుకో చర్చి ఉంది, పేతురు సమాధి ఉందంటారు, పౌలు రాసిన పత్రికల్లో ఒకటి ఆ ఊరి వాళ్ల పేరు మీదే ఉంది. అయినా సరే, జూన్ నెలలో అమెరికాలోని ఒహాయో నుంచి ఇరవై ఏళ్ల కుర్రవాడు వీపున సంచితో దిగి, "మీరు ఎప్పుడైనా యేసు గురించి విన్నారా?" అని అడిగేదాకా ఆ పని పూర్తి కానట్టే లెక్క.

ఇది ఎవరో ఒక ఉత్సాహవంతుడికి తోచిన ఆలోచన అనుకుంటే పొరపాటు. వెనక పెద్ద యంత్రాంగమే ఉంది. బిల్ బ్రైట్ 1951లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 'క్యాంపస్ క్రూసేడ్ ఫర్ క్రైస్ట్' ప్రారంభించాడు. దానికి ముందూ వెనకా పుట్టిన సంస్థలు మరికొన్ని ఉన్నాయి. పరీక్షలు అయిపోగానే విద్యార్థులను జట్లుగా కట్టి, ఓ అనుభవజ్ఞుణ్ణి తోడిచ్చి, ఖండాంతరాలకు పంపడం వీటికి ఏటా జరిగే పండుగ. బ్రైట్ సంస్థ 2011లో తన పేరులోని 'క్రూసేడ్', అంటే ధర్మయుద్ధం, ఎబ్బెట్టుగా ఉందని గ్రహించి 'క్రూ' అని కుదించుకుంది. యుద్ధం పోయింది. వేసవి దండయాత్ర మిగిలింది.

ఈ విద్యకు మూలపురుషులు మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కళాశాల విద్యార్థులు అయిదుగురు. 1806 ఆగస్టులో ప్రార్థనకని పొలంలోకి వెళితే ఉరుములతో వాన పట్టుకుంది. గడ్డివామి చాటున చేరారు. వానలో తడిసి గడ్డివామి పక్కన నక్కిన కుర్రవాళ్లకు వేడివేడిగా తినడానికి ఏమైనా ఉంటే బాగుండునని అనిపించడం ప్రకృతి ధర్మం. వీళ్లకు ఆసియా ఖండం గుర్తుకు వచ్చింది. ఆ గడ్డివామి ఉన్న చోట 1867లో చలువరాతి స్మారకం కట్టి, దాని నెత్తిన భూగోళాన్ని పెట్టారు. గడ్డివాముల చరిత్రలో ఇంతటి గౌరవం మరొకదానికి దక్కలేదు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1810లో, విదేశాలకు మిషనరీలను పంపే బోర్డు ఏర్పడింది. 1812లో మొదటి జట్టు ఓడ ఎక్కింది. అందులోని అడోనిరాం జడ్సన్ కలకత్తాలో దిగితే, ఈస్టిండియా కంపెనీ వారు ఉండనివ్వలేదు. మరుసటి ఏడాది రంగూన్ చేరి, ఆ భాషకు ఓనమాల దగ్గర నుంచి దిద్దుకుంటూ కూర్చున్నాడు. మొదటి బర్మా మనిషి బాప్తిస్మం తీసుకునేసరికి 1819 వచ్చింది. ఆరేళ్లకు ఒక్కడు! ఈ వేగంతో పనిచేసేవాణ్ణి ఈ కాలపు దాతలు రెండో నెలలోనే వెనక్కి పిలిపిస్తారు.

తరవాత 1886 వేసవిలో, అదే మసాచుసెట్స్‌లోని మౌంట్ హెర్మన్ శిబిరంలో నూరుమంది విద్యార్థులు విదేశాలకు వెళతామని మాట ఇచ్చారు. ఈ తరంలోనే ప్రపంచమంతటికీ సువార్త అందాలన్నది ఆ ఉద్యమ నినాదం. ఆ తరం వెళ్లిపోయింది. ప్రపంచం మిగిలే ఉంది. వేసవి సెలవులూ మిగిలే ఉన్నాయి. ఒక్కటే తేడా. ఆనాడు వెళ్లినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు, కొందరి సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. ఇప్పటివాళ్లు రానుపోను టికెట్టుతో వెళ్లి, ఆగస్టులో హాస్టలు గది తెరిచేనాటికి వచ్చేస్తారు. సాంకేతిక ప్రగతి అంటే ఇదే కదా.

యాత్రకు ముందు సాహిత్య సృష్టి జరుగుతుంది. దాతలకు రాసే ఉత్తరం అన్నమాట. బాబాయికి, దంతవైద్యుడికి, చిన్నప్పుడు ఆట నేర్పిన కోచ్‌కి, అమ్మ పాత స్నేహితురాళ్లందరికీ ఒకే ఉత్తరం, ఎవరి పేరు వాళ్లకు పెట్టి వెళుతుంది. మొదటి పేరాలో చదువు బాగా సాగుతోందని ఉంటుంది. రెండో పేరాలో దేవుడు తన హృదయంలో రోము పట్ల భారం పెట్టాడని ఉంటుంది. (ఆ భారం ఏ జూన్‌లో చూసినా రోము, బార్సిలోనా, ప్రాగ్ వంటి ఊళ్ల మీదే ఎందుకు పడుతుంది, పక్క రాష్ట్రంలో మూతపడిన గనుల ఊరి మీద ఎందుకు పడదు అని అడిగేవాడికి ఆత్మీయ విషయాలు తెలియవన్నమాట.) మూడో పేరాలో డాలర్లు ఉంటాయి. అడుగున చింపి పంపడానికి చిన్న కార్డు, దాని మీద 50, 100, 250 అని గడులు. చిట్టచివరి గడి పక్కన "నేను ప్రార్థన చేస్తాను" అని ఉంటుంది. ఆ ఒక్క గడిలో మాత్రమే టిక్కు పెట్టి పంపిన బాబాయిని ఆ కుటుంబం క్రిస్మస్ విందుదాకా మరచిపోదు. ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికే వీలు కూడా ఉంది. ఇహంలోనూ పరంలోనూ రశీదు వచ్చే దానాలు లోకంలో తక్కువ.

పౌలు కొరింథులో డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడనీ, రోముకు ఖైదీగా బయలుదేరి, దారిలో ఓడ బద్దలై, మెలితే ద్వీపం మీదుగా చచ్చీచెడీ చేరాడనీ, అక్కడ రెండేళ్లు అద్దె ఇంట్లో గడిపాడనీ గుర్తుచేసే పెద్దమనుషులు ఉంటారు. వాళ్లకు సగం చరిత్రే తెలుసు. రోమీయులకు రాసిన పత్రిక పదిహేనో అధ్యాయం చూడండి. స్పెయిను వెళ్లాలనుకుంటున్నాను, మీరు సాగనంపుతారని ఆశిస్తున్నాను అని ఆయన కూడా సన్నగా ఒక మాట వేశాడు. కాకపోతే ఆ మాటకు ముందు పద్నాలుగు అధ్యాయాల వేదాంతం రాశాడు. మన కుర్రవాడు ఒక్క పేరాతో సరిపెట్టాడు. పైగా అంతటి మేధావికీ అడుగున గడులు గీయాలని తోచలేదు.

సరే, కుర్రవాడు రోము చేరాడు. కార్యక్షేత్రం సపియెంజా విశ్వవిద్యాలయం. దాన్ని 1303లో స్థాపించింది ఎనిమిదో బోనిఫేస్ అనే పోపు. ఇప్పటి ప్రాంగణంలో ఒక ప్రార్థనాలయం కూడా ఉంది. ప్రాంగణం మధ్యలో మాత్రం మినర్వా దేవత నిలువెత్తు విగ్రహం. పరీక్షకు ముందు ఆమె కళ్లలోకి చూస్తే తప్పుతారని అక్కడి విద్యార్థుల నమ్మకం. ఏడువందల ఏళ్ల కతోలిక విద్య చదివినవాళ్లు రోమన్ దేవతకు భయపడి తలవంచుకుని పోతున్నారంటే మిషనరీ అవసరం ఉందా లేదా మీరే చెప్పండి.

ఇటలీలో జూన్, జూలై నెలలంటే పరీక్షల కాలం. అందులోనూ చాలావరకు మౌఖిక పరీక్షలు, ప్రొఫెసరుకు ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. ఒక అమ్మాయికి ఇంకో గంటలో రసాయనశాస్త్రం పరీక్ష ఉంది. మెట్ల మీద కూర్చుని కాగితాలు తిరగేస్తోంది. కుర్రవాడు చిరునవ్వుతో వచ్చి, చిన్న సర్వే, అయిదే ప్రశ్నలు అంటాడు. జేబులోంచి ఫొటోల కట్ట తీస్తాడు. సోలేరియం అంటారు దాన్ని, 50 ఫొటోలు. వాటిని మెట్ల మీద పరిచి, మీ జీవితం ఇప్పుడు ఎలా ఉందో చెప్పే మూడు బొమ్మలు ఏరమంటాడు. అమ్మాయి ఏరింది. మీ జీవితంలో ఉండాలనుకుంటున్నవి మరో మూడు? ఏరింది. దేవుణ్ణి తలపించే బొమ్మ? అమ్మాయి కాసేపు ఆలోచించి, దేవుడి సంగతులన్నీ మా నానమ్మ చూసుకుంటుంది, రోజూ పొద్దున్నే పూజకు వెళుతుంది, మాట్లాడతారా, ఫోను కలపనా అంది. కుర్రవాడి ముఖం వెలిగింది. కానీ ఆమెకు ఇటాలియన్ తప్ప రాదు అంది. కుర్రవాడికి ఇంగ్లీషు తప్ప రాదు. దేవుడి పనికి ఆ రోజు ఒక్క వ్యాకరణ పుస్తకం అడ్డొచ్చింది.

ఇంకో ఆయుధం బిల్ బ్రైట్ రాసిన నాలుగు నియమాల చిన్న పుస్తకం. అందులో ఒక రైలు బొమ్మ ఉంటుంది. ఇంజను పేరు సత్యం, దాని వెనక పెట్టె విశ్వాసం, చివరి పెట్టె అనుభూతి. చివరి పెట్టె ఉన్నా లేకున్నా బండి నడుస్తుందని దాని భావం. రైల్వే సమ్మెలు అలవాటైన ఇటలీలో రైలు బొమ్మ చూపించి విశ్వాసం పుట్టించాలనుకోవడం మామూలు సాహసం కాదు. అమ్మాయి పుస్తకం తీసుకుని థాంక్స్ చెప్పి లోపలికి వెళ్లింది, మినర్వా వైపు చూడకుండా. ఆమెకు ఇరవై నిమిషాల ఉచిత ఆంగ్ల సంభాషణ దక్కింది. కుర్రవాడి నోటు పుస్తకంలో ఒక "ఆత్మీయ సంభాషణ" జమ అయింది. ఎవరికీ నష్టం లేని బేరం.

ఆ కుర్రవాడి చిత్తశుద్ధిని శంకించేవాడికి పుట్టగతులుండవు. ఎండలో నిలబడతాడు, పదిమంది మొహం తిప్పుకున్నా పదకొండోవాణ్ణి అదే చిరునవ్వుతో పలకరిస్తాడు, రాత్రి జట్టుతో కలిసి నిజంగానే కన్నీళ్లతో ప్రార్థిస్తాడు. చిక్కంతా నివేదిక దగ్గర వస్తుంది. ఇన్ని సంభాషణలు, ఇన్ని పుస్తకాలు, ఎన్నో ద్వారాలు తెరుచుకున్నాయి, మేము విత్తనాలు చల్లాము అని రాస్తాడు. ఈ విత్తనాల ఖాతా అద్భుతమైనది. ఇందులో నష్టం రాయడానికి గడే లేదు. ఏటా జూన్‌లో విత్తి, జూలై ఆఖరుకు పొలం వదిలిపోయి, పంట సంగతి వచ్చే ఏడాది వచ్చేవాళ్లను అడగమనే మిరప రైతుకు గుంటూరు జిల్లాలో ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. పరలోకపు బ్యాంకుల నిబంధనలు వేరు.

నివేదిక చివరి వాక్యం మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఒక్కటే: "నేను ఇచ్చినదానికన్నా పొందినదే ఎక్కువ." దీన్ని వినయం అనుకుంటారు గాని, ఇది లెక్కల పుస్తకంలోని ఏకైక నిఖార్సైన పద్దు. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ఊడ్చేశాక, ఉత్తర అమెరికా నుంచి చర్చి జట్లు ఇళ్లు కట్టడానికి వెళ్లాయి. కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ ఖర్చు లెక్కకట్టాడు. విమాన ఛార్జీలతో సహా ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు అయింది. స్థానిక క్రైస్తవ సంస్థలు అటువంటి ఇంటినే సుమారు 2,000 డాలర్లకు కట్టగలవు. తేడా 28,000 ఎక్కడికి పోయిందని అడగకూడదు. అది కట్టినవాళ్లు పొందిన అనుభవం ఖరీదు. ఇబ్బందికరమైన విషయం మరొకటుంది. తిరిగి వచ్చాక వాళ్ల జీవితాలు, దానాలు పెద్దగా మారలేదని కూడా ఆయనే తేల్చాడు. ఇంత సూటిగా లెక్కలు చూసేవాణ్ణి ఏ జట్టులోనూ చేర్చుకోరాదు.

ఈ వ్యవహారంలో తెలుగువాళ్లం నిన్నమొన్నటి ప్రేక్షకులం కాము. మనమూ ఒకప్పుడు మిషనరీల పటం మీద చుక్కలమే. 1836లో అమెరికా బాప్టిస్టులు పంపిన మిషనరీ శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చాడు, 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కావడంతో, ఈ మిషన్ మూసేద్దామా అని 1853లో అమెరికా బాప్టిస్టులు తర్జనభర్జన పడ్డారు. పటం మీద బర్మాలో చుక్కలే చుక్కలు, మన వైపు ఒంటరి నక్షత్రం. పోనీలెమ్మని ఉంచారు. 1865లో జాన్ క్లౌ వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, ఒంగోలులో కాపురం పెట్టాడు. 1876 నుంచి 78 దాకా సాగిన కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇస్తే అన్నం కోసం వచ్చారంటారని ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ముంచింది తెలుగు బోధకులే. అసలు దీనికి దారి వేసింది కూడా పల్లెపల్లెకూ కాలినడకన తిరిగిన యర్రగుంట్ల పేరయ్య వంటివాళ్లు. ఆ సంఖ్యనే నేటికీ వేసవి శిబిరాల్లో చెబుతారు. దాని వెనక ఉన్న నలభై రెండేళ్లను చెబితే కుర్రవాళ్లు నిరుత్సాహపడతారని కాబోలు, చెప్పరు.

ఇప్పుడు చక్రం తిరిగింది. డాలస్‌లో పుట్టిన తెలుగు పిల్లలు వేసవిలో అమ్మమ్మ ఊరికి పరిచర్యకు వస్తున్నారు. మే నెల ఎండలో వి.బి.ఎస్. (పిల్లల వేసవి బైబిలు బడి) పెట్టి, చేతులు ఊపుతూ ఇంగ్లీషు పాటలు నేర్పుతారు. నలభై ఏళ్లుగా శుక్రవారం ఉపవాస ప్రార్థన తప్పని అమ్మమ్మ ముందు వరసలో కూర్చుని, మనవడి తెలుగు అర్థం కాకపోయినా ప్రతి వాక్యానికీ ఆమెన్ అంటుంది. తరవాత లోపలికి పిలిచి, "ఒరే నాన్నా, కాస్త మజ్జిగ తాగి చెప్పరా" అంటుంది.

కనుక ఈ వ్యాసకర్త ప్రతిపాదన ఒక్కటే. బాకీ తీర్చే వంతు మనది. ఒహాయోలో ఆదివారం చర్చిలు పలచబడుతున్నాయని వాళ్లే వాపోతున్నారు. మన ఇంజినీరింగ్ కుర్రవాళ్లను ఎనిమిదిమందిని, ఒక డోలక్కును, ఒక మైకుసెట్టును ఆరు వారాలు పంపుదాం. ఫుట్‌బాల్ మైదానం పక్కన నిలబడి, మీరు ఎప్పుడైనా యేసు గురించి విన్నారా అని అడుగుతారు. రాత్రంతా జాగరణ ప్రార్థన పెడతారు. పోలీసులు వచ్చేదాకా విత్తనాలు చల్లుతారు.

ఒక్క చిన్న చిక్కు. "సర్వలోకమునకు వెళ్లి" అన్న ఆజ్ఞ అందరికీ ఒక్కటే అయినా, పాస్‌పోర్టులు ఒక్కటి కావు. అమెరికా విద్యార్థి ఇటలీలో వీసా లేకుండానే 90 రోజులు ఉండవచ్చు. (మనమూ తక్కువ తినలేదు. పర్యాటక వీసా మీద వచ్చి మతప్రచారం చేయకూడదు, మిషనరీలకు వేరే వీసా వర్గమే పెట్టాం.) మనవాడు మాత్రం హైదరాబాదు నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌లో అద్దం ముందు నిలబడి, ప్రయాణ ఉద్దేశం ఏమిటన్న ప్రశ్నకు "మీ దేశానికి సువార్త చెప్పడానికండీ" అని జవాబివ్వాలి. 214(బి) అనే వీసా నిరాకరణ కాగితం చేతికి రావడానికి రెండు నిమిషాలు చాలు. దరఖాస్తుకు కట్టిన 185 డాలర్లు తిరిగి ఇవ్వరు. వాటిని విత్తనాల ఖాతాలో రాసుకోవాలి.