పెరుగు దీపం వారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ వెయ్యి వాట్ల ఎల్‌ఈడీ గ్రో లైటు గారి దివ్య సముఖమునకు,

పర్లాకిమిడి వీధి ఇంటి నడిమి గది నుంచి తమ విధేయుడు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మిరప నారు క్షేమం గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరమే దాని గురించి.

తమర్ని ఇంటికి ఎందుకు పిలిచానో మొదట మనవి చేస్తాను. మా ఇల్లు రైలుపెట్టె లాంటిది. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనబడుతుంది. మధ్యలో వరసగా నాలుగు గదులు, రెండు పక్కలా పక్కిళ్ల గోడలు. వెలుతురు రెండు కొసల్లోనే. డాబా మీద పెంచుదామంటే కోతులు. నిరుడు మిరప మొక్కల్ని వేళ్లతో సహా పీకి, ఒక్కో ఆకూ కొరికి చూసి, నచ్చక మా మీదికే విసిరాయి. అంచేత ఈ ఏడు వానల్లో నడిమి గదిలోనే నారు పోద్దామని సంకల్పించాను. సూర్యుణ్ణి లోపలికి తేవాలి, అంటే ఎండ బదులు మొక్కలకి వెలుగిచ్చే దీపం కొనాలి. పద్నాలుగు వందల తొంభైతొమ్మిదికి తమరు దొరికారు. పక్కనే 8,999 అని రాసి అడ్డంగా గీత కొట్టేశారు. ఆ గీత చూసి ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తమ పేజీని యాప్ వాడు మా కోసం తెలుగులోకి మార్చి పెట్టాడు. గ్రో లైటు 'పెరుగు దీపం' అయింది. సూర్యకాంతి లాంటి కాంతి అనబోయి 'పూర్తి వర్ణపటం, సూర్యుడికి ఇష్టం' అన్నాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పుకుంటూ, జనం మాట్లాడుకునే భాషలోనే రాయండర్రా అని పండితులతో పోరాడిన ఊరిది. ఆ ఊళ్లో కూర్చుని తమ పేజీని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. అమ్మ అద్దాలు పెట్టుకుని ఒక్కసారి చదివింది. "పెరుగు తోడుకోడానికి దీపం ఏట్రా? ఇంకా చలే రాలేదు కదా" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

పెట్టె వచ్చింది. పైన కంపెనీ పేరు ఉంది: ఆరు ఇంగ్లీషు అక్షరాలు, వాటిలో అచ్చు ఒక్కటీ లేదు, పలకాలంటే తుమ్మాలి. లోపల తమరు. చేత్తో ఎత్తి చూద్దును కదా, అరకిలో తూగరు! ఇక్కడే నాకు అనుమానం రావాల్సింది. దీపం తాగిన కరెంటులో వెలుగు కాగా మిగిలిందంతా వేడే. ఆ వేడిని లాగి గాలికి వదలడానికి వెలుగిచ్చే చిప్పుల వెనక అల్యూమినియం ఉండాలి, దానికి రెక్కలుండాలి, ఆ రెక్కలకు బరువుండాలి. తమ వీపున ఉన్నది బిస్కెట్ల డబ్బా మూతంత రేకు. వెయ్యి వాట్లే గనక దాని గుండా పోయి ఉంటే తమరి మీద అట్లు పోసుకునేవాళ్లం.

మా ఊళ్లో కొమ్ము బొమ్మలు చేస్తారు. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. అసలు కొమ్మో ప్లాస్టిక్కో తేల్చడానికి పనివాళ్లకు సూదిమొన చాలు. ఎర్రగా కాల్చి అంచున తాకిస్తే, కొమ్మయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, ప్లాస్టిక్ అయితే ప్లాస్టిక్ కంపే. బంగారానికి గీటురాయి ఉంది. వెలుగుకి గీటురాయి ఏదని చాలా రోజులు ఆలోచించాను. చివరికి అది మా ఇంటి గోడ మీదే ఉందని తేలింది. కరెంటు మీటరు.

మీటరు మీద ఎర్ర దీపం ఒకటి మినుకు మినుకుమంటూ ఉంటుంది, చూశారా? మా మీటరు మీద కిలోవాట్ అవరుకి 3200 అని అచ్చేసి ఉంది. ఒక యూనిట్ కాలితే 3200 మినుకులన్నమాట. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, అమ్మ ఫోను చార్జరు, అన్నీ ఆపించాను. ఒక్క తమర్నే వెలిగించాను. తమరు నిజంగా వెయ్యి వాట్లయితే గంటకి 3200 మినుకులు, అంటే నిమిషానికి యాభైమూడు. సెకనుకి ఒకటి చొప్పున కన్ను కొట్టాలి. నేను స్టూలు మీద కూర్చున్నాను. మీటరు కన్ను కొట్టింది. నేను ఎదురు చూశాను. ఉక్కపోతకి అమ్మ విసనకర్ర అందుకుంది. ఇరవై సెకన్లకి మళ్లీ కొట్టింది. ఏదో పొరపాటనుకుని పావుగంటసేపు లెక్కపెట్టాను. నలభై ఆరు. గంటకి 184. దాన్ని 3200తో భాగిస్తే 0.0575 యూనిట్లు.

యాభై ఏడున్నర వాట్లు.

ఇక్కణ్నుంచి 'నువ్వు' అంటాను. వెయ్యి వాట్ల వారికి తమరనవచ్చు, రెండు వందలకి మీరనవచ్చు. యాభై ఏడున్నరకి ఇదే ఎక్కువ.

అమ్మినవాణ్ణి అడిగితే ఒక్క మాటలో జవాబిచ్చాడు: 'సమానం'. వెయ్యి వాట్ల సోడియం దీపానికి, అదే వీధి స్తంభాల మీది పసుపు దీపం జాతికి, సమానమట. ఈ సమానానికి మన ఇళ్లలో ముందే అలవాటు చేశారులే. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు అరవై వాట్ల పాత బల్బుకి సమానం అన్నారు, నిజమే, అది ఏడింతల లోపు. నీది పదిహేడింతలు. పైగా నువ్వు పోల్చుకున్నది పాత ఫిలమెంటు బల్బుతో కాదు, సోడియం దీపంతో. అది మొక్కల వెలుగులో ఏమీ చేతకానిది కాదు. మంచి ఎల్‌ఈడీ దాన్ని దాటేది ఏ ఒకటిన్నర రెట్లో. నీ పెద్దలు, ఆ ఊదారంగు పలకలు, ఇంకో లెక్క చేసేవారు. ఒక్కో చిప్పు పది వాట్లు తట్టుకోగలదు, నూరు చిప్పులున్నాయి, కాబట్టి వెయ్యి. తట్టుకోగలగడం వేరు, తాగడం వేరు కదా! మా మేనమామ పందెం వేస్తే నలభై ఇడ్లీలు తినగలడు. అలాగని రేషను కార్డులో ఆయన్ని నలుగురిగా రాయించలేదు.

ఇక చిప్పుల సంగతి. 'సామ్‌సంగ్ ఎల్ఎం301బి' అని పేజీలో బంగారు అక్షరాలు. మొక్కల దీపాల్లో ఆ పేరుకి గౌరవముంది. అది మూడు మిల్లీమీటర్ల చదరం, నాలుగు వైపులా సమానం. నగల పని చేసే మిత్రుడి భూతద్దం అరువు తెచ్చి నీ మొహం చూశాను. 224 చిప్పులూ నిలువు ఎక్కువ, అడ్డం తక్కువ. అవి 2835 రకం, 2.8 మిల్లీమీటర్లకి 3.5. దీర్ఘచతురస్రాన్ని పట్టుకుని చదరమంటే ఆరో తరగతి పిల్లాడు కూడా ఒప్పుకోడు. సామ్‌సంగ్ వాళ్లకే ఎల్ఎం281బి ప్లస్ అని ఈ కొలతలో చిప్పుంది. నీవి కనీసం అవేనా అంటే, వాటి మీద పేరుండదు, ఎవరూ పుట్టుమచ్చ పెట్టరు. పేజీలో కంపెనీ పేరు మాత్రం రాసి, రకం రాయకుండా ఊరుకునే నీ దాయాదులు ఇంకా గడుసువాళ్లు. అబద్ధమాడరు, నిజం పూర్తిగా చెప్పరు.

ఒకవేళ చిప్పు అసలుదే అయినా సరిపోదు. మంచి చిప్పుకి నింపాదిగా కరెంటిస్తే జౌలుకి, అంటే ఒక్క వాటు చొప్పున ఒక్క సెకను తాగిన కరెంటుకి, ఫోటాన్లనే వెలుగు రేణువుల లెక్కలో మూడు మైక్రోమోల్‌ల దాకా మొక్క వెలుగు ఇస్తుంది. అదే చిప్పులు నాలుగు పెట్టాల్సిన చోట ఒకటి పెట్టి నాలుగింటి కరెంటూ దాని గొంతులో కుక్కితే ఆ లెక్క పడిపోతుంది. నీ పేజీలో ఆ అంకె ఎక్కడా లేదు, లూమెన్లున్నాయి. లూమెన్లు మనుషుల కంటికి కట్టిన కొలత. మొక్కకి కావలసింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయన్నది. ఎక్కడెంత వెలుగు పడుతుందో చూపే పటమొకటి పెట్టావు, నడిమధ్యన చదరపు మీటరుకి సెకనుకి 1850 మైక్రోమోల్‌లు అని ఒకే ఒక్క అంకెతో. నడినెత్తి సూర్యుడే రెండు వేల చిల్లర. అంచుల్లో ఎంతో, ఎంత ఎత్తులో కొలిచావో రాయలేదు. మా వీధిలో పెళ్లి సంబంధాలప్పుడు ఫోటో ఇలాగే ఒక్క వైపు నుంచే తీసేవారు.

ఇంతవరకు నవ్వుకున్నాను. నీళ్లు చల్లుతూ చెయ్యి నీ రేకుకి తగిలిన రోజున నవ్వు పోయింది. చీమ కుట్టినట్టు జివ్వుమంది. టెస్టరు పెడితే వెలిగింది. ఒళ్లంతా లోహం, ప్లగ్గుకేమో రెండు బల్లపరుపు కాళ్లు, మన సాకెట్లో సరిగ్గా పట్టనివి, ఎర్తు పిన్ను ఊసే లేదు. తడి చేతులతో రోజూ తాకాల్సిన వస్తువు! మిస్త్రీ వచ్చి విప్పాడు. నాతో ఒడియాలో మాట్లాడుతూ నిన్ను మాత్రం తెలుగులో తిట్టాడు, ఇక్కడ మంచి తిట్లన్నీ ఆ భాషలోనే ఉన్నాయట. మూడు పిన్నుల తీగ వేసి, రేకుకి ఎర్తు కలిపి, ఇంటి కరెంటుని చిప్పులకి తగ్గట్టు మార్చే డ్రైవరు అనే పెట్టె కూడా మార్చేశాడు. నాలుగు వందలు. పాత డ్రైవరు మీద రిజిస్ట్రేషన్ నంబరు కోసం వెతికాను. ఎల్‌ఈడీ డ్రైవర్లు మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) దగ్గర నమోదు తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు దాని మీద ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో చూపిస్తుంది. కొన్నాక కాదు, కొనేముందు ఫోటో అడిగి కొట్టి చూసుకోవాల్సింది. నీ డ్రైవరు మీద ఉన్నదల్లా 'హై క్వాలిటీ' అన్న స్టిక్కరు.

తిప్పి పంపుదామంటే మా పిన్‌కోడుకి ఆ సదుపాయం లేదన్నారు. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడి పిన్‌కోడుకి ఉందట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు ఒడిశాలో, ఆ ఊరు గీతకి అటు పడ్డాయి. పెళ్లిళ్లకి, సినిమాలకి, చేపలకి అడ్డం రాని ఆ గీత నీకొక్కదానికే అడ్డమొచ్చింది.

నువ్వు నకిలీవా అని మిస్త్రీని అడిగాను. "దేనికి నకిలీ?" అన్నాడు. నిజమే. నకిలీ నోటుకి అసలు నోటుంది. దొంగ విత్తనానికి అసలు కంపెనీ ఉంది. నీకు అసలెవరు? ఆ తుమ్ము పేరు నిన్న లేదు, రేపుండదు. అదే రేకు, అవే చిప్పులు, ఇంకో ఆరు అక్షరాలతో 2000 వాట్లు అయి వస్తాయి. ఎవణ్ణీ చూసి కాపీ కొట్టని కాపీవి నువ్వు.

అయినా నా కోపం డబ్బు గురించి కాదు. పాతపట్నంలో ఇరవై వాట్ల ట్యూబు బ్యాటన్లు ఒక్కోటి రెండు వందల యాభైకి అమ్ముతున్నారు. మూడు కొంటే నీ అంత కరెంటూ, దాదాపు నీ అంత వెలుగూ, వారంటీ కూడా. నారుకి అవి చాలు. అది తెలియక పోయిన డబ్బు పోయింది, బడి ఫీజు అనుకున్నాను. కోపం ఇంకో చోట. 'శక్తిమంతమైన వెయ్యి వాట్లు, మొక్కలు కాలిపోతాయి, మూడడుగుల ఎత్తులో పెట్టుము' అని నీ కాగితంలో ఉంది. పెట్టాను. యాభై ఏడున్నర వాట్ల దీపాన్ని మూడడుగుల మీద! పిల్లలు అటక మీది డబ్బా కోసం మునివేళ్ల మీద లేచినట్టు, నారంతా నీ వైపు చేతులు చాచి దారాల్లా సాగి పడిపోయింది. విత్తనం పాతదని విత్తనాల కొట్టువాడితో దెబ్బలాడి వచ్చాను. ఆయనకు నేను క్షమాపణ చెప్పుకోవాలి, నువ్వేం చెబుతావో నీ ఇష్టం.

మీటరు లెక్క తేలిన సాయంత్రమే నిన్ను అడుగు ఎత్తుకి దించాను. దూరం మూడోవంతయితే వెలుగు తొమ్మిదింతలని పుస్తకం లెక్క. నీలాంటి వెడల్పు పలకకి అంత రాదు గానీ, చాలా వచ్చింది. రెండో విడత నారు పొట్టిగా, లావుగా, ముదురాకుపచ్చగా లేచింది. యాభై ఏడున్నర వాట్ల దీపంగా నువ్వు చెడ్డదానివి కాదు. ఆ మాటే పెట్టె మీద రాసి ఏడ్చుంటే తొమ్మిది వందలకి నేనే కొనేవాణ్ణి. ఇప్పుడు నీ వీపున మార్కరుతో 57.5 అని నేనే రాశాను. చూసినవాళ్లు మోడల్ నంబరనుకుంటున్నారు.

ఇట్లు,
నీ కరెంటు బిల్లు కట్టువాడు.

తా.క.: సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున్న ఎనిమిది దాకా వెలుగుతున్నావు కదా, నిన్ను వేలాడదీసిన చెక్క అర రాత్రంతా గోరువెచ్చగా ఉంటోందని డిసెంబరులో అమ్మ కనిపెట్టింది. చలికి మా ఇంట్లో పాలు మధ్యాహ్నం దాకా తోడుకోవు. తోడు వేసిన గిన్నె ఆ చెక్క మీద పెట్టి పడుకుంది. తెల్లారేసరికి గడ్డ పెరుగు. గిన్నె బోర్లించి చూపించింది, కదల్లేదు. "పెరుగు దీపమని వాడు ముందే చెప్పాడు కదురా, నువ్వే కదా నవ్వావు" అంది.