నాలుగింటికి లేపి చెప్పే మెదడు పాఠం

మన బడుల్లో మెదడు పాఠం అంటే పదో తరగతి జీవశాస్త్రంలో ఒక బొమ్మ. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని బాణం గుర్తులు పెడితే మార్కులు పడతాయి. ఆ బొమ్మ తన తలకాయ గురించేనని పిల్లవాడికి తట్టదు. లెక్క తప్పితే మాత్రం "నీ తలకాయల మన్నున్నదారా?" అని అడుగుతారు.

ఈ పాఠం ఆరో తరగతిలోనే, పిల్లలు వాడుకునేటట్టు చెప్పాలి. 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. ఒకరు పై కొస పట్టుకుని చెప్పకుండా వదలాలి, కింద వేళ్లు తెరిచి పెట్టినవారు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్లు జారాక దొరికితే కన్ను చూసి, మెదడు తేల్చుకుని, వేళ్లు మూసుకోవడానికి సెకనులో ఐదో వంతు పట్టినట్టు. నిద్ర చాలనివాళ్లకు స్కేలు మామూలుగా ఇంకా జారుతుంది.

అసలు పేచీ నిద్ర దగ్గరే. పగలు చదివింది మెదడులో స్థిరపడటానికి నిద్ర కావాలి. పదమూడు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటలు పడుకోవాలని వైద్యుల మాట. పాలమూరులో తల్లిదండ్రులు పుణె, ముంబై వలస పోయిన పిల్లలకు హాస్టలే ఇల్లు. ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో వాళ్ల చేతిలో ఉండదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్ పెట్టి, నాలుగింటికి మళ్లీ గంట కొట్టే హాస్టళ్లున్నాయి. వార్డెన్‌ను తిట్టి లాభం లేదు, పాస్ పర్సెంటేజీ టెన్షన్ ఆయనకు పైనుంచే వస్తుంది.

చదివించే గంటలు తగ్గిస్తే మార్కులు పోతాయని భయం. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం చూడండి. చదివిన ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. బట్టీ పట్టగానే అప్పజెప్పించుకునే సారుకు అంతా వచ్చినట్టే అనిపించడం ఇందుకే.

నల్లగొండలో రెండు హాస్టళ్లు, మహబూబ్‌నగర్‌లో రెండు తీసుకుని, తెల్లారుజాము స్టడీ తీసేసి, సాయంత్రం సగం సేపు పుస్తకాలు మూయించి రాయిస్తే చాలు. ప్రీ-ఫైనల్ మార్కులు పక్క హాస్టళ్లతో పోల్చి చూడొచ్చు.